గాలి ఎటు పోతోంది?

మూడు వారాలకోసారి మా కారు ఎడమ వెనక టైరు కొద్దిగా చతికిలబడినట్టు కనిపించేది. మేకు లేదు, కోత లేదు, బుస్సుమనే చప్పుడూ లేదు. పంచరు షాపుకి తీసుకెళ్తే చక్రం ఊడదీసి, నీళ్ల తొట్టిలో ఒక చుట్టు తిప్పి, "ఏమీ లేద్సార్, టైరు బాగానే ఉంది" అన్నారు. గాలి కొట్టించుకుని ఇంటికొచ్చాను. మూడు వారాలకి మళ్లీ అదే. ఇంకో షాపులో వాల్వు పిన్ను మార్చారు. అయినా మళ్లీ అదే. విశాఖలో సముద్రానికి కిలోమీటరు లోపే మా ఇల్లు. ఆ సంగతికీ ఈ టైరుకీ సంబంధం ఉందని అప్పటికి నాకు తట్టలేదు.

ఇలాంటి టైరుతో నెలల తరబడి సర్దుకుపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. తగ్గినప్పుడల్లా కొట్టించుకుంటే సరిపోతుంది కదా అనుకుంటారు. దయచేసి అలా అనుకోకండి. గాలి తగ్గిన టైరు తిరుగుతున్నంతసేపూ దాని పక్క గోడలు ఉండాల్సినదానికంటే ఎక్కువగా వంగి లేస్తుంటాయి. ఆ వంగి లేవడంలోనే వేడి పుడుతుంది. మే నెల ఎండలో, కారు నిండా మనుషులూ సామానూ, హైవే మీద గంటల తరబడి వేగం. ఆ వేడికి టైరు లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేయడం మొదలుపెడతాయి. వేసవిలో టైర్లు పేలడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో గాలి తక్కువగా ఉండటం ఒకటి. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటే, కనిపించని ఆ లీకు కూడా మనతో ప్రయాణం చేస్తూనే ఉంటుంది.

వెతకబోయే ముందు చేయాల్సిన పని ఒకటుంది: కొలవడం. సొంతంగా ఒక గాలి గేజ్ కొనుక్కోండి. బంకులో ఒక గేజ్, షాపులో ఒక గేజ్ వాడితే అంకెలు పొసగవు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియాలంటే రెండు రోజులూ ఒకే గేజ్ ఉండాలి. కొలిచేది ఉదయం, కారు బయటికి తీయకముందు. బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉంటే గానీ టైరు చల్లబడదు. నడిచిన టైరులో గాలి వేడెక్కి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలన్నది చాలా కార్లలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. మా కారుకి 33 పీఎస్ఐ.

ఎండ కూడా మోసం చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే కారు టైరులో దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. తూర్పు ఎండ ఒక పక్కే పడేలా కారు నిలిపి ఉంటే, ఆ పక్క టైర్లు ఒకటి రెండు ఎక్కువ చూపించి, నీడలో ఉన్న మంచి టైరు మీద అనుమానం పుట్టిస్తాయి. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు మధ్యాహ్నం 30 డిగ్రీలున్నప్పుడు కొట్టించిన గాలి, తెల్లవారి 10 డిగ్రీల చలిలో మూడు పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. అక్కడ లీకేమీ లేదు. నాలుగు టైర్లూ ఒకేలా దిగితే చలి, ఒక్కటే దిగితే జబ్బు. అందుకే అనుమానం ఉన్న టైరునొక్కదాన్నే కాకుండా నాలుగింటినీ కొలిచి రాసుకోవాలి.

నా నోటుపుస్తకంలో అంకెలు ఇలా పడ్డాయి. మొదటి ఆదివారం నాలుగూ 33. వారానికి ఎడమ వెనకది 31, తర్వాతి వారం 29, ఆ తర్వాత 27. మిగతా మూడూ ఆ మూడు వారాల్లో 33 నుంచి 32కి వచ్చాయి. ఆ ఒక్క పీఎస్ఐ ఎటు పోయిందని కంగారుపడక్కర్లేదు. ఏ లోపం లేని టైరైనా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ పోగొట్టుకుంటుంది. రబ్బరుకి గాలిని పూర్తిగా ఆపే శక్తి లేదు. ట్యూబ్‌లెస్ టైరు లోపల బ్యూటైల్ జాతి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. ఒకప్పుడు ట్యూబు చేసిన పనే అది చేస్తుంది. అయినా దానిలోంచి కూడా గాలి చాలా మెల్లగా బయటపడుతూనే ఉంటుంది. ఈ సహజమైన తరుగు తీసేస్తే మిగిలిందే మనం వెతకాల్సిన లీకు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రెండు షాపుల్లో నిజాయితీగానే వెతికినా ఎందుకు దొరకలేదో ఈ లెక్క చెబుతుంది.

మామూలు కారు టైరులో సుమారు 30 లీటర్ల చోటుంటుంది. అందులో ఒక పీఎస్ఐ తగ్గడమంటే బయటికి సుమారు రెండు లీటర్ల గాలి వచ్చిందని అర్థం. నాకు వారానికి రెండు పీఎస్ఐ పోతోంది, అంటే నాలుగు లీటర్లు. వారంలో 10,080 నిమిషాలు. పంచితే నిమిషానికి 0.4 మిల్లీలీటరు. 5 మిల్లీమీటర్ల బుడగ, అంటే శనగగింజ కంటే చిన్నది, పట్టుకునే గాలి 0.065 మిల్లీలీటరు. కాబట్టి నిమిషానికి ఆరు బుడగలు, పది సెకన్లకు ఒకటి. అదీ మొత్తం లీకు ఒకే రంధ్రంలోంచి వస్తేనే. మూడు నాలుగు చోట్ల పంచుకుని వస్తుంటే ఒక్కో చోట అర నిమిషానికి ఒక బుడగ.

షాపు తొట్టిలో చక్రం కింది భాగమే మునుగుతుంది. కుర్రాడు అర నిమిషంలో చుట్టు తిప్పేస్తాడు. ముంచగానే టైరు గాళ్లలో ఇరుక్కున్న గాలి కూడా బుడగలై లేస్తుంది. ఆ హడావుడిలో అర నిమిషానికోసారి వచ్చే బుడగ ఎలా కనబడుతుంది? మేకు గుచ్చుకుంటే ఆ పద్ధతి చాలు, బుడగలు వరసగా లేస్తాయి. నెమ్మది లీకుని పట్టాలంటే చూసేవాడు కూడా అంతే నెమ్మదిగా చూడాలి. షాపులో వెనక నలుగురు నిలబడి ఉంటే అతనికి ఆ తీరిక ఎక్కడిది? ఆ తీరిక మనకుంది. ఇంట్లో స్ప్రే సీసా, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, వెలుతురున్న చోటు ఉంటే సగం పరీక్ష మనమే చేసుకోవచ్చు.

మొదట వాల్వు, ఎందుకంటే అది చూడటం అన్నిటికంటే తేలిక. మూత తీసి కొసన సబ్బు నీటి చుక్క పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. చుక్క గుండ్రంగా ఉబ్బితే లోపలి పిన్ను వదులైందనో, దాని కింద దుమ్ము చేరిందనో అర్థం. ఈ పిన్ను వాల్వు 1893లో అమెరికాలో పేటెంటు పొందిన ష్రేడర్ నమూనా నుంచి వచ్చినదే. ఇన్నేళ్లయినా దాని బలహీనత ఒక్కటే, మట్టి. మూత పోతే కొత్తది పెట్టమని నేను పదిమందికీ చెప్పేది అందుకే. తర్వాత వాల్వు కాడని వేలితో పక్కకు వంచి, రిమ్ములో దిగిన మొదట్లో సబ్బు నీళ్లు చల్లండి. పాత రబ్బరు ఎండకి బీటలు వారి ఉంటే వంచినప్పుడే గాలి వదులుతుంది, వదిలేస్తే మూసుకుంటుంది. పిన్ను మార్చి ఊరుకుంటే ఈ జబ్బు పోదు, వాల్వు మొత్తం మార్చాలి.

ఆ తర్వాత నేలకి తగిలే భాగం. గుచ్చుకున్న మేకే కొన్నిసార్లు బిరడాలా అడ్డం పడుతుంది. చక్రం తిరిగేటప్పుడు కదిలి కాస్త వదిలి, నిలిచినప్పుడు మూసుకుంటుంది. అలాంటిది కనబడితే ఇంటి దగ్గర పీకేయొద్దు. సుద్దముక్కతో గుర్తు పెట్టి షాపుకి తీసుకెళ్లండి. ఎప్పుడో వేయించిన పంచరు స్ట్రిప్ ఉంటే దాని మీదా సబ్బు నీళ్లు చల్లండి, పాతబడిన స్ట్రిప్ చుట్టూ గాలి దారి చేసుకుంటుంది. టైరు విప్పి లోపలి నుంచి వేసే మష్రూమ్ ప్యాచ్ దానికంటే నమ్మకమైనది. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటినా, పక్క గోడ మీద ఉన్నా మాత్రం ఎవరెంత భరోసా ఇచ్చినా పంచరు వేయించుకోకండి. అక్కడ ప్యాచ్ ఆగదు.

వీటిలో ఏదీ కాకపోతే మిగిలేది టైరూ రిమ్మూ కలిసే చోటు. ట్యూబ్‌లెస్ టైరుని రిమ్ముకి జిగురుతో అంటించరు. ఇనుప తీగలు పెట్టి గట్టిగా చేసిన టైరు అంచుని, మెకానిక్కుల మాటలో బీడింగుని, లోపలి గాలే రిమ్ముకి అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడే దాని సీలు. కాబట్టి అక్కడ రిమ్ము ఉపరితలం నున్నగా ఉండి తీరాలి. వెంట్రుకవాసి సందు చాలు గాలికి.

నా కారు విషయంలో ఇది పట్టింది మూడో షాపులో ఒక పెద్దాయన. "నిలబెట్టి తిప్పితే దొరకదు సార్, పడుకోబెట్టాలి" అన్నారు. చక్రాన్ని నేల మీద పరుండబెట్టి, కారు లోపలి వైపుండే ముఖాన్ని పైకి తిప్పి, టైరుకీ రిమ్ముకీ మధ్యనున్న గాడి నిండేలా సబ్బు నీళ్లు పోశారు. "ఓ పది నిమిషాలు కూర్చోండి" అని వేరే బండి పని చూసుకోవడానికి వెళ్లిపోయారు. మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక చోట పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున పుట్టేలాంటి సన్నని తెల్ల నురగ మొదలైంది. కాసేపటికి దాని పక్కనే ఇంకో చోట, ఆ పక్కన మరో చోట. జానెడు మేరలో మూడు చోట్లు. పెద్దాయన వచ్చి టైరు మీదా రిమ్ము మీదా కలిసేలా సుద్దగీతలు గీశారు, విప్పాక ఏది ఎక్కడుందో పోల్చుకోవడానికి.

టైరు విప్పాక ఆ గీతల దగ్గర చూస్తే, గోడకి ఉప్పు పట్టి సున్నం పొంగినట్టు రిమ్ము పెయింటు పొక్కులై లేచింది. గోకితే కింద తెల్లటి పొడి. అల్లాయ్ చక్రం అల్యూమినియం. పెయింటు ఎక్కడైనా చిట్లితే సముద్రపు ఉప్పు తేమ దాని కిందికి చేరి లోహాన్ని తినేస్తుంది. పుట్టిన పొడికి లోహం కంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి పెయింటుని పైకి లేపి, బీడింగు కింద సొరంగం చేస్తుంది. ఇనుప రిమ్ములకైతే ఇదే పని తుప్పు చేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తీరంలో ఉన్నవాళ్లు ఈ అనుమానాన్ని మొదటి మూడింటిలో పెట్టుకోవాలి. అమెరికాలో మంచు కురిసే ఊళ్లలో ఉన్న మనవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు రిమ్ములకి మన సముద్రపు గాలి చేసే పనే చేస్తుంది.

అక్కడి మనవాళ్లు, ఇక్కడ కొత్త కార్లున్నవాళ్లు, గాలి తగ్గితే వెలిగే దీపం డ్యాష్‌బోర్డు మీద ఉంది కదా అంటారు. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తర్వాత 2000లో అమెరికా చేసిన చట్టం వల్ల ఆ దీపం అక్కడి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. కానీ అక్కడి నియమం ప్రకారం గాలి ఉండాల్సినదానికంటే పావు వంతు తగ్గాక వెలిగితే చాలు. 33 ఉండాల్సిన టైరు 25కి దిగేదాకా అది మౌనంగా ఉండొచ్చు. నా లీకు లాంటిదైతే నాలుగు వారాలు. ఆ దీపం ప్రమాదం దగ్గరికొచ్చిందని చెప్పడానికి పెట్టింది, నెమ్మది లీకుని మొదట్లో పట్టడానికి పనికిరాదు.

పడుకోబెట్టి చూసినా నురగ రాకపోతే ఇంకో పరీక్ష ఉంది. ఆ చక్రం స్థానంలో స్టెప్నీ వేసి, దీన్ని వారం రోజులు ఇంట్లో పెట్టి కొలవండి. బరువు లేకుండా ఉన్నప్పుడు నిలిచి, కారుకి బిగించాక దిగితే, బరువు పడ్డప్పుడే తెరుచుకునే సందు ఏదో ఉందని అర్థం. అల్లాయ్ చక్రం లోపలి అంచులో గుంతల దెబ్బకి పడిన సన్నని పగులు ఇలా ప్రవర్తిస్తుంది. పైనుంచి చూస్తే కనబడదు, చక్రం ఊడదీసి లోపలి ముఖం కడిగి చూడాలి. వంగిన ఇనుప రిమ్ముని సరిచేయొచ్చు. పగిలిన అల్లాయ్‌ని వెల్డింగు చేయించి నడిపేవాళ్లున్నారు గానీ, ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి నేను ఆ పని చేయించను.

నైట్రోజన్ నింపితే లీకు ఆగుతుందని చెప్పేవాళ్లుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. రబ్బరులోంచి అది ఆక్సిజన్ కంటే కాస్త నెమ్మదిగా పోతుందన్నది నిజమే, కానీ రిమ్ము దగ్గర సందుంటే ఏదైనా ఒకటే. వాల్వులోంచి పోసే సీలెంటు ద్రవాలు దారిలో ఆదుకోవడానికి మంచివే. ఇంటి దగ్గర మాత్రం అవి జబ్బుని కప్పేసి, తర్వాత రిమ్ము శుభ్రం చేసేవాడి పని రెట్టింపు చేస్తాయి.

మా చక్రానికి పెద్దాయన చేసిన వైద్యం సాదాసీదాది. వైరు బ్రష్షుతో తెల్ల పొడి అంతా దులిపి, సన్న ఎమరీ కాగితంతో లోహం లోతుగా అరగకుండా రుద్ది, నున్నగా అయిందో లేదో కళ్లు మూసుకుని వేలితో తడిమి చూశారు. టైరు బీడింగుకి అంటిన పెయింటు పెచ్చులూ తుడిచారు. అవి అలాగే ఉంటే రిమ్ము ఎంత శుభ్రం చేసినా లాభం లేదట. రెండు వైపులా నల్లటి బీడ్ సీలర్ పూసి, కొత్త వాల్వు వేసి, టైరు ఎక్కించి, మళ్లీ పడుకోబెట్టి సబ్బు నీళ్లు పోశారు. ఈసారి పావుగంట చూశాం. నీళ్లు కదల్లేదు.

ఆ ఆదివారం నాలుగు టైర్లకీ 33 పెట్టి కొత్త పేజీ మొదలుపెట్టాను. రెండు నెలలయ్యాక మూడు టైర్లు 31, ఎడమ వెనకది 30న్నర. డిక్కీలో స్టెప్నీని ఇన్నాళ్లూ కొలవలేదని అప్పుడు గుర్తొచ్చి గేజ్ పెడితే, 19.