తెల్లనివన్నీ పాలు కావు - ఉచిత వైఫై సంగతి

మనలో చాలామంది రోజూ ఎలక్ట్రిక్ రైలెక్కి కాలేజీకి వస్తాం. స్టేషన్లో, కాఫీ షాపులో, మాల్‌లో అడుగుపెట్టగానే ఫోను తనంతట తానే వైఫైకి తగులుకుంటుంది. ఒకసారి కలిసిన వైఫైని అది గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, రెండోసారి మనల్ని అడగదు. ఇది సౌకర్యమే. కానీ అది దేన్ని చూసి గుర్తుపడుతుందో తెలుసుకోవాలి.

పాస్‌వర్డ్ లేని వైఫై అయితే ఫోను చూసేది ముఖ్యంగా పేరునే. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. జేబులో పట్టే చిన్న పరికరంతో స్టేషన్ వైఫై పేరే పెట్టి ఎవడైనా పక్క బెంచీ మీద కూర్చుంటే, మన ఫోను తేడా తెలియక వాడితోనే చేయి కలుపుతుంది. దీన్నే ఇంగ్లీషులో 'ఈవిల్ ట్విన్' అంటారు, అంటే దొంగ కవల.

కలిస్తే ఏమవుతుంది? బ్యాంకు యాప్‌లో లావాదేవీలూ, వాట్సాప్ మాటలూ సంకేతలిపిలో వెళ్తాయి, మధ్యలోవాడు చదవలేడు. అందుకే వాడు చదవడానికి ప్రయత్నించడు, మననే అడుగుతాడు. "ఉచిత వైఫై కావాలంటే మీ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి" అని ఒక పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ మన చేత్తోనే రాసిచ్చేస్తాం.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలో ఒకడు విమానాశ్రయాల్లో, విమానాల్లో కూడా ఇలాంటి దొంగ వైఫై పెట్టాడు. 2024లో విమాన సిబ్బందికి అనుమానం రావడంతో దొరికాడు. ఆడవాళ్ల ఖాతాల్లోకి చొరబడి వాళ్ల వ్యక్తిగత ఫొటోలు దొంగిలించాడని తేలింది. 2025లో ఏడేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. పోయింది డబ్బు మాత్రమే అయితే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఇక్కడ పోయింది అది కాదు.

వైఫై వాడొద్దని నేననను. నెలాఖర్లో డేటా అయిపోతే మనకు అదే దిక్కు. ఈ నాలుగూ పాటిస్తే చాలు:

1. వైఫై సెట్టింగ్స్‌లో ఆ పేరు మీద నొక్కి, 'ఆటో కనెక్ట్' (ఐఫోన్లో 'ఆటో జాయిన్') ఆపేయండి. ఇక వాడని పేరైతే 'ఫర్‌గెట్' నొక్కండి.
2. రైల్వే వైఫై మొబైల్ నంబరుకు ఓటీపీ పంపుతుంది, అది మామూలే. ఈమెయిల్, ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డో, యూపీఐ పిన్నో అడిగితే మాత్రం వెంటనే బయటికి వచ్చేయండి.
3. "ఈ సైట్ సురక్షితం కాదు" అని ఫోను హెచ్చరిస్తే ముందుకు వెళ్లకండి.
4. డబ్బు పంపేటప్పుడు వైఫై ఆపి, సొంత డేటా వాడండి. ఒకవేళ మోసం జరిగి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నా ఫోన్లో పద్నాలుగు వైఫై పేర్లున్నాయి. ఇంటిదీ, కాలేజీదీ తప్ప మిగతావన్నీ దారిలో తగిలినవే. మీ ఫోన్లో ఎన్నున్నాయో ఈ గోడ ముందు నిలబడే ఒకసారి చూసుకోండి. రెండు నిమిషాల పని.