మీకు తెలుసా? ఒక్కరు దూకితే ఫిరాయింపు, గుంపుగా దూకితే విలీనం!

పార్టీ మారే నేతకు మనవాళ్లు పెట్టిన పేర్లకు కొదవ లేదు. గోడదూకుడు, కప్పదాటు, జంప్ జిలానీ... ఈ దూకుళ్ల వెనకున్న సంగతులు కొన్ని:

● ‘ఆయారాం గయారాం’ అన్న మాటకు మూలపురుషుడు హర్యానా ఎమ్మెల్యే గయాలాల్. 1967లో ఇండిపెండెంట్‌గా గెలిచి, పక్షం రోజుల్లోనే మూడుసార్లు పార్టీ మారాడు.

● ఈ జాడ్యానికి మందు వెతికే కమిటీ వేయాలని అదే ఏడాది లోక్‌సభలో తీర్మానం పెట్టింది మన నంద్యాల ఎంపీ పెండేకంటి వెంకటసుబ్బయ్య. వై.బి. చవాన్ కమిటీ 1969లో నివేదిక ఇచ్చింది. ఫిరాయింపుల నిరోధక చట్టం మాత్రం 1985 దాకా రాలేదు.

● ‘విప్’ వేటగాళ్ల మాట. ఇంగ్లండులో నక్కల వేటకు వెళ్లినప్పుడు మంద నుంచి తప్పిపోయే కుక్కలను అదిలించి మళ్లించేవాణ్ణి అలా పిలిచేవారు. సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్నీ విప్ అనే అంటారు. దాన్ని ధిక్కరించినా 15 రోజుల్లో పార్టీ క్షమిస్తే పదవి పోదు.

● రాజీనామా లేఖ ఇవ్వలేదు కాబట్టి పార్టీలోనే ఉన్నట్టు అనడానికి వీల్లేదు. నడవడికను బట్టి కూడా పార్టీని వదిలేసినట్టు తేల్చవచ్చని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది.

● మూడింట ఒక వంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో తీసేశారు. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకునే విలీనం మాత్రం మిగిలింది. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లోకి, ఆరుగురు టీడీపీ రాజ్యసభ సభ్యుల్లో నలుగురు బీజేపీలోకి వెళ్లారు. రెండుచోట్లా లెక్క సరిగ్గా మూడింట రెండు! ఒక్కరు తగ్గినా అందరి పదవులకూ ముప్పే.

● లోక్‌సభలో, అసెంబ్లీలో అనర్హత తేల్చేది స్పీకరే. గడువేమీ చట్టంలో లేదు. తెలంగాణలో పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలపై వచ్చిన ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

● ఈ చట్టం కింద పదవి పోయిన తొలి లోక్‌సభ సభ్యుడు మిజోరాంకు చెందిన లాల్‌దుహోమా. ఇండిపెండెంట్‌గా గెలిచి పార్టీలో చేరారంటూ 2020లో ఎమ్మెల్యే పదవీ పోయింది. 2021 ఉప ఎన్నికలో మళ్లీ గెలిచారు, 2023లో ముఖ్యమంత్రి అయ్యారు!

ఈసారి మీ ఎమ్మెల్యే కండువా మారిస్తే, వెంట ఎంతమంది వెళ్లారో ఓసారి లెక్కపెట్టండి.