నీహారికల వర్ణచిత్రణం

అనంతపురం పీఠభూమికి వానమబ్బు చుట్టపుచూపుగానే వస్తుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను దాటి ఇక్కడికి చేరేసరికి వాటిలోని తడి చాలావరకు తరిగిపోతుంది. ఏటా కురిసే సగటు వర్షం 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. జూన్ నెలలో మృగశిర, ఆర్ద్ర కార్తెలు వచ్చాయంటే వేరుశనగ రైతు ఆకాశం వంక చూస్తాడు. కార్తెలుగా అతనికి పరిచయమైన ఈ పేర్లు నిజానికి నక్షత్రాలవి. సూర్యుడు ఆ నక్షత్రాల దిక్కున ఉండే రోజులే ఆ కార్తెలు గనుక, అప్పుడు అవి పగటి వెలుగులో మరుగునపడి ఉంటాయి. వాటిని కంటితో చూడాలంటే జనవరి రాత్రి రావాలి. మబ్బు లేని ఆ నిర్మలాకాశం రైతుకు ఊరట కాకపోయినా, ఖగోళ ఛాయాగ్రాహకునికి వరమే.

పాశ్చాత్యులు ఓరియన్ అని పిలిచే ఈ నక్షత్రమండలంలో ఆర్ద్ర ఎర్రని తార. దానికి ఎదుటి మూలనున్న రిగెల్ నీలిఛాయ గల తెల్లని తార. ఆర్ద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,500 కెల్విన్లు. రిగెల్‌ది సుమారు 12,000. నక్షత్రానికి రంగు అలంకారం కాదు, దాని వేడిమికి కొలత. ఈ రెంటి నడుమ వరుసగా నిలిచిన మూడు చుక్కలకు దక్షిణంగా మసకమరక వంటిది ఒకటి కనిపిస్తుంది. అదే ఓరియన్ నీహారిక. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘమది. కంటికి బూడిదరంగుగా తోచే ఆ మేఘం ఛాయాచిత్రాలలో ఎర్రగా వెలిగిపోతుంది. ఆ ఎరుపు నిజమా, కల్పనా అనే సందేహం కలగడం సహజం.

నక్షత్రం అన్ని రంగుల కాంతినీ వెదజల్లుతుంది. వాయుమేఘం అలా కాదు. సమీప నక్షత్రాల తీక్ష్ణకాంతికి ఉత్తేజితమైన హైడ్రోజన్ ముఖ్యంగా 656.3 నానోమీటర్ల వద్ద ఎర్రని రేఖగాను, ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల వద్ద ఆకుపచ్చని రేఖగాను వెలుగుతాయి. సాధారణ వర్ణచిత్రానికి వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఒక్కొక్కటి దాదాపు 100 నానోమీటర్ల వెడల్పున కాంతిని లోనికి వదులుతాయి. నీహారిక వెలుగుతోపాటు వీధిదీపాల వెలుగు కూడా ఆ వాకిలి గుండానే వస్తుంది. హిందూపురం ప్రాంతంలో అయితే దక్షిణపు దిగంతాన బెంగళూరు నగరపు వెలుగు కూడా తోడవుతుంది. దీనికి విరుగుడు నారోబ్యాండ్ ఫిల్టరు. కంటికి కనిపించే కాంతి వ్యాప్తి సుమారు 300 నానోమీటర్లు కాగా, ఈ ఫిల్టరు హైడ్రోజన్ రేఖ చుట్టూ మూడు నానోమీటర్లను మాత్రమే వదిలితే, అన్ని రంగులూ కలిసిన తెల్లని దీపకాంతిలో నూరోవంతు మాత్రమే లోపలికి చేరుతుంది. హైడ్రోజన్ వెలుగు మాత్రం దాదాపు పూర్తిగా వస్తుంది.

ఈ సూత్రానికి తెలుగునేలపైనే ఒక పూర్వకథ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. గ్రహణవేళ సూర్యుని అంచున లేచిన జ్వాలలను వర్ణపటదర్శినితో చూసినప్పుడు హైడ్రోజన్ రేఖలు అత్యంత ప్రకాశంగా కనిపించాయి. అంత ప్రకాశమున్న రేఖలకు గ్రహణపు చీకటితో పనేమిటని అతనికి తోచింది. మరునాడే, గ్రహణం లేకుండా, పట్టపగలు ఆ రేఖలను మళ్లీ చూశాడు. వర్ణపటదర్శిని ఆకాశపు వెలుగును పలు రంగులుగా పరచి పలచబరుస్తుంది; ఒక్క రేఖలోనే కూడిన జ్వాల వెలుగు పలచబడదు. నేటి ఫిల్టరు చేసే పనికి మూలసూత్రం ఇదే.

అయితే నారోబ్యాండ్ చిత్రం ఒక్కటే చాలదు. అందులో నక్షత్రాల రంగు నశిస్తుంది. ఆర్ద్ర, రిగెల్ రెండూ ఒకే తీరు చుక్కలవుతాయి. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల చుట్టూ ఉన్న నీలిపొర వాయువు వెలుగు కాదు, ధూళిపై పడి చెదిరిన నక్షత్రకాంతి. నారోబ్యాండ్ ఫిల్టరులో ఆ పొర దాదాపు కనుమరుగవుతుంది. అందుచేత వాయువుకు నారోబ్యాండ్ చిత్రాన్ని, తారలకూ ధూళికీ వర్ణచిత్రాన్ని ఆధారం చేసుకొని రెంటినీ మేళవించాలి.

మొదట ఒక్కొక్క ఫిల్టరుతో తీసిన అనేక చిత్రాలను పేర్చి సగటు తీస్తారు. పదహారు చిత్రాల సగటులో గరుకుదనం ఒక్క చిత్రంలో ఉన్నదానికి నాలుగోవంతవుతుంది. తరువాత నక్షత్రాలనే ఆనవాళ్లుగా తీసుకొని అన్నింటినీ ఒకదానిపై ఒకటి సరిగా అమర్చి, ఊరి వెలుగు వల్ల ఒక పక్క పేరుకున్న తెల్లదనాన్ని తొలగిస్తారు. అసలు మెలకువ ఆ తరువాతది. హైడ్రోజన్ ఫిల్టరు గుండా నక్షత్రకాంతి కూడా కొంత వస్తుంది. ఎరుపు ఫిల్టరు వెడల్పు 100 నానోమీటర్లు, దీని వెడల్పు మూడు అయినప్పుడు, ఎరుపు చిత్రంలోని నక్షత్రకాంతిలో సుమారు నూటికి మూడు పాళ్లు ఇందులో ఉన్నట్లు లెక్క. ఆ భాగాన్ని తీసివేయగా మిగిలిన శుద్ధమైన హైడ్రోజన్ వెలుగును వర్ణచిత్రంలోని ఎరుపుకు చేర్చాలి. హైడ్రోజన్‌కు 486.1 నానోమీటర్ల వద్ద నీలిరేఖ కూడా ఉంది. దాని బలం ఎర్రరేఖలో సుమారు మూడోవంతు. కనుక నీలానికి కూడా కొంత పాలు పంచినప్పుడే మేఘానికి సహజమైన గులాబిఛాయ వస్తుంది. కొందరు తొందరపడి హైడ్రోజన్ చిత్రాన్నే మొత్తం దృశ్యానికి ప్రకాశపు కొలతగా వాడతారు. అప్పుడు రిగెల్ వంటి నీలితారలు వెలవెలబోతాయి.

గద్ద నీహారికలోని ధూళిస్తంభాలను హబుల్ టెలిస్కోపు 1995లో చిత్రించినప్పుడు గంధకపు వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. గంధకం, హైడ్రోజన్ రెండూ కంటికి ఎరుపే. ఉన్నది ఉన్నట్లు చూపితే ఏది ఏదో తెలియదు. ఆ వర్ణవిభజన మోసం కాదు, వివరణ. కాని అటువంటి కేటాయించిన రంగుల మేఘంపై సహజవర్ణపు తారలను అతికించి, ఆ మాట చెప్పకుండా చూపితే చూసేవాడు రెంటినీ ఒకే తీరున నమ్ముతాడు. అతిశయోక్తి కావ్యంలో అలంకారమే. అది అతిశయోక్తి అని పాఠకునికి తెలిసినంతవరకే. కాబట్టి చిత్రం కింద ఏ ఫిల్టరు కాంతికి ఏ రంగు ఇచ్చారో, తారల రంగు ఎక్కడిదో రాయడం అవసరం.

ఏప్రిల్ గడిచేసరికి ఓరియన్ పడమటి దిగంతాన సంజెవెలుగులోకి జారుకుంటుంది. ఆర్ద్ర కార్తెలో రైతు విత్తనపుకాయలు ఒలిపించి వానకోసం ఎదురుచూసే రోజుల్లో, శీతకాలపు రాత్రుల్లో తీసిన ఆ చిత్రాలను మేళవించే పని సాగుతూ ఉంటుంది.