చచ్చి బ్రతికెడి వీరులు

1931లో విజయనగరము నుండి రాయ్‌పూర్‌కు రైలుమార్గము పూర్తియైన నాటినుండి ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢ్ సీమకును రాకపోకలు సులభమై, బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన తెలుగువారు ఇచటనే నిలిచిపోవుట పరిపాటియైనది. రాయ్‌పూర్‌కు ఉత్తరమున ఉర్లా కార్ఖానాల నానుకొనియున్న బీర్‌గావ్‌లో పెరుగు తెలుగు పిల్లవానికి ఇంటిలో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఒక తరము క్రిందట వాడు చదివిన బొమ్మల కథలు మాత్రము ఢిల్లీనుండి వచ్చెడి రాజ్ కామిక్స్ వారివి. 1986లో పుట్టిన నాగరాజ్, ఆ మరుసటి యేడు అనుపమ్ సిన్హా చేతిలో రూపుదాల్చిన సూపర్ కమాండో ధ్రువ వానికి ఆప్తబంధువులు. నేటి పిల్లలకు పుస్తకము కంటె తెర దగ్గర. ఇంగ్లీషు సూపర్‌హీరోల చిత్రములు తెలుగు మాటలతోనే లభించుచుండగా వారికి ఆ వీరుల కుటుంబవృత్తాంతములు మనకు పాండవుల కథవలె కంఠస్థములై యున్నవి. 2019లో వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ను చూచిన మా ప్రక్కింటి పిల్లవాడు, “తాతయ్యా, బూడిదైపోయినోళ్లంతా తిరిగొచ్చేశారు కదా, మరి ఐరన్‌మాన్ ఎప్పుడొస్తాడు?” అని యడిగెను. వచ్చునా రాడా యని వాడడుగలేదు, ఎప్పుడని యడిగెను. ఆ ప్రశ్నలో దుఃఖము లేదు, నియమజ్ఞానమున్నది.

ఆ నియమమేమనగా, సూపర్‌హీరోల లోకమున మరణము ముగింపు కాదు, విరామము. మొదట ఇట్లుండలేదు. 1941 జూలై నాటి పెప్ కామిక్స్ 17వ సంచికలో కామెట్ అను వీరుడు శత్రువుల తుపాకులకు కూలెను. ఈ జాతి వీరులలో కథామధ్యమున మడిసినవారిలో ఆతడే మొదటివాడని చెప్పుదురు. ఆతని సోదరుడు హ్యాంగ్‌మాన్ అను పేరుతో పగ తీర్చుకొన బయలుదేరెను. అన్న చచ్చెను, తమ్ముడు లేచెను. మన పల్లెలలోని కథలకును దీనికిని భేదమేమియు లేదు. భేదమంతయు తరువాత వచ్చినది.

1992 నవంబరు 18న అమెరికాలోని కామిక్స్ దుకాణముల యెదుట జనము బారులు తీరి నిలిచిరి. ఆనాడు సూపర్‌మాన్ చచ్చిపోవునని పత్రికలు ముందే చాటియుండెను. అసలు ఆ యేడు కథకులు తలపెట్టినది చావు కాదు, పెండ్లి: సూపర్‌మాన్ మారురూపమైన క్లార్క్ కెంట్‌కును, ఆతని ప్రేయసి లోయిస్ లేన్‌కును వివాహము జరుపవలెనని నిశ్చయించుకొనగా, అదే సమయమున ఆ దంపతుల పేరిటనే యొక టెలివిజన్ ధారావాహిక సిద్ధమగుచున్నందున, అచటి పెండ్లి, ఇచటి పెండ్లి ఒక్కమారు జరుగవలెనని పైవారు అడ్డు చెప్పిరి. కథలేక కూర్చున్న రచయితల సమావేశమున జెర్రీ ఆర్డ్‌వే, ఎప్పటివలె వేళాకోళమునకు, ఆతనిని చంపివేయుదమనెనట; ఈమారు ఆ వేళాకోళమే కథయైనది. ముహూర్తము తప్పిన పెండ్లివారింట అపరకర్మ జరిగినట్లు!

అయినను ఆ కథను గీసిన తీరులో నేర్పున్నదని ఒప్పుకొనవలెను. డూమ్స్‌డే యను రాక్షసుడు ఊరూర విధ్వంసము చేయుచు మెట్రోపోలిస్ వైపు వచ్చుచుండగా, చివరి నాలుగు సంచికలలో మొదటిదానియందు పుటకు నాలుగు బొమ్మలు, రెండవదానియందు మూడు, మూడవదానియందు రెండు, కడపటిదైన సూపర్‌మాన్ 75వ సంచికలో పుటకొక్కటే బొమ్మ. మాటలతో చెప్పకయే చావు దగ్గరపడుచున్నదని చదువరి కంటికి తెలియజేయు ఈ ఉపాయము డాన్ జర్గెన్స్ ప్రభృతులది. ఇక అమ్మకపు ఉపాయము వేరొకటి. నల్లని సంచిలో మూసి, పైన నెత్తురోడుచున్న ‘ఎస్’ అక్షరము ముద్రించి, లోపల పుస్తకముతోపాటు చేతికి కట్టుకొను నల్లగుడ్డ, మరణవార్త ప్రకటించిన వార్తాపత్రిక తునుక, తపాలాబిళ్లలు పెట్టి రెండున్నర డాలర్లకు విక్రయించిరి; సంచి లేని ప్రతి ధర అందులో సగమే. మొత్తము సుమారు 60 లక్షల ప్రతులు చెల్లిపోయెను. కొన్నవారిలో పెక్కురు సంచి విప్పనేలేదు. ముందు ముందు బంగారమగునని దాచిరి. అందరును దాచిన వస్తువునకు ధర యెట్లు పెరుగును?

కొన్ని నెలలకే నలుగురు నకిలీ సూపర్‌మాన్‌లు బయలుదేరి తలయొక వైపు లాగుచుండగా, 1993లో అసలువాడు మరల వచ్చెను. మృత్యుముఖము చూచి వచ్చిన ఆ మహావీరుని రూపమున కనిపించిన మార్పు, జుట్టు మెడ దాక పెరుగుటయే.

చచ్చిన వీరులు ఇట్లు మరల వచ్చుటకు మూలమేమని విచారించినచో కథాశాస్త్రమునకంటె ఆస్తిచట్టమే మనకెక్కువ బోధించును. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు 1938లో సూపర్‌మాన్ పై సమస్తహక్కులను 130 డాలర్లకు ప్రచురణకర్తలకు వ్రాసి యిచ్చిరి. నాటినుండి ఆ వీరుడు ఒక కవి మనోవీథిలో పుట్టి ఆ కవితోనే పరిపూర్తి చెందు పాత్ర కాక, తరతరములకు చేతులు మారెడి స్థిరాస్తి యయ్యెను. ఇవ్వాళ్టి రచయిత ఆతనిని చంపవచ్చును గాని పాతిపెట్టజాలడు. రేపటి రచయిత తవ్వి తీయును. తన పాత్రపై తనకే అధికారమున్న కోనన్ డాయిల్ సహితము 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతమున పడద్రోసి, చదువరుల పోరు పడలేక పదేండ్లకు మరల బ్రతికించుకొనవలసి వచ్చెను. ఇక జీతగాండ్ర మాట చెప్పనేల.

చదువరుల పోరు అన్నాను గదా, వారు చంపమన్న సందర్భమును ఒకటి కలదు. బ్యాట్‌మాన్‌కు తోడుగా నుండెడి రాబిన్ వేషమును ధరించినవారిలో రెండవవాడైన జేసన్ టాడ్ అను బాలుడు దుడుకువాడని కొందరికి నచ్చలేదు. 1988లో జోకర్ ఆతనిని ఇనుపకడ్డీతో మోది, బాంబు పేల్చిన చోట కథనాపి, ఆతడు బ్రతుకవలెనా చావవలెనా తేల్చుడని డి.సి. సంస్థవారు రెండు టెలిఫోను నంబర్లు అచ్చువేసిరి. పిలుపునకు అర డాలరు. జిమ్ అపారో రెండు విధములుగను బొమ్మలు గీసి సిద్ధముగా నుంచెను. చావుమన్నవి 5,343 పిలుపులు, బ్రతుకుమన్నవి 5,271. డెబ్బదిరెండు పిలుపుల తేడాతో ఒక బాలుని ఆయువు తీరెను. కల్పితపాత్రయే యని తెలిసియు ఈ అంకెలను చదువునపుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. రోము నగరపు మల్లశాలలో బొటనవ్రేలు చూపినవారికిని వీరికిని దూరమెంత?

చాలకాలము కామిక్స్ చదువరులలో ఒక వాడుక యుండెడిది: ఈ లోకమున ఎవరును చచ్చి యుండరు, బకీ, జేసన్ టాడ్, బెన్ బాబాయి తప్ప. కెప్టెన్ అమెరికాకు సహచరుడైన బకీ రెండవ ప్రపంచయుద్ధమున విమానము ప్రేలి చచ్చెనని 1964లో చెప్పిరి. 2005 వచ్చునప్పటికి జేసన్ టాడ్ రెడ్ హుడ్ అను పేరుతోను, బకీ వింటర్ సోల్జర్ అను పేరుతోను తిరిగివచ్చిరి. ఒక్క యేటనే రెండు సమాధులు ఖాళీ.

పునర్జీవనమన్నంత మాత్రమున నేను ముక్కు విరిచెడివాడను కాను. మన పురాణములు దానితో నిండియున్నవి. దేవతల పంపున మృతసంజీవని నేర్వవచ్చిన కచుని దానవులు చంపగా శుక్రుడు బ్రతికించెను. మరల చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రునిచేతనే త్రాగించిరి. ఇపుడు శిష్యుడు బ్రతుకవలెనన్న గురువు కడుపు చీలవలెను. అందుచే గురువు గర్భమందున్న శిష్యునకే విద్య నుపదేశించెను. ఆతడు వెలువడి, చచ్చిపడిన గురువును లేపెను. అంతటితో తీరలేదు: శుక్రుడు సురను శపించెను, తన్ను వరించిన దేవయానిని కచుడు కాదన్నందుకు ఆ విద్య ఆతనికి ఫలింపకుండునట్లు ఆమె శపించెను, ఆతడు ప్రతిశాపమిచ్చెను. రురుడు పాము కరచి చచ్చిన ప్రమద్వర కొరకు తన ఆయువులో సగమిచ్చెను. చూడుడు, ఒక్కొక్క ప్రాణము తిరిగి వచ్చినపుడు ఎవరో ఒకరు ఏదో చెల్లించుకొనిరి. సూపర్‌మాన్ రాకకు చెల్లించినవాడు సంచి కొన్న కుర్రవాడొక్కడే.

ఈ గీటురాయిపై బకీ రాక మాత్రము నెగ్గునని నా యభిప్రాయము. ఎడ్ బ్రూబేకర్ వ్రాసిన ఆ కథలో సోవియటువారు ఆతని శవప్రాయమైన శరీరమును గ్రహించి, తెగిన చేతికి లోహపు చేయి యమర్చి, జ్ఞాపకము తుడిచి, అవసరమైనపుడు మంచునుండి లేపి హత్యలు చేయించిరి. జ్ఞాపకము మరలివచ్చిన తరువాత ఆ హత్యల భారమంతయు ఆతడే మోయవలెను. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణము జీన్ గ్రే అను వీరవనిత. 1980లో ఆమె ఫీనిక్స్ శక్తికి లోనై, ఐదు వందల కోట్ల ప్రాణులున్న లోకమును భస్మము చేసెను. అట్టిది శిక్షలేక తిరుగరాదని సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టగా, క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ ఆమె తనంత తాను ప్రాణత్యాగము చేసినట్లు వ్రాసిరి. ఆ ముగింపులో గాంభీర్యమున్నది. 1986లో ఒక క్రొత్త పత్రికకు ఆమె కావలసివచ్చెను; అంతట, లోకమును కాల్చినది జీన్ కాదు, ఆమె రూపము దాల్చిన శక్తి; అసలు జీన్ న్యూయార్కు దగ్గరి సముద్రపు పాయ యడుగున నిద్రించుచున్నదని తేల్చిరి. చావును రద్దుచేసిన చేతితోనే పాపమును, పశ్చాత్తాపమును రద్దుచేసిరి! నాకు ఈ కథలలో క్షమింపరానిదిగా తోచునది ఇదియే.

మహాభారతమున కృష్ణుడు ఉత్తర గర్భమునుండి మృతుడై వెలువడిన పరీక్షిత్తును బ్రతికించెను. బ్రతికింపగల ఆ మేనమామయే పద్మవ్యూహమున కూలిన అభిమన్యుని బ్రతికింపలేదు. వ్యాసుడు గాని, తిక్కన గాని ఆ తలుపు తెరువలేదు. ఛత్తీస్‌గఢ్‌లో పాండవాని యను భారతగానము కలదు. దానిలో పేరెన్నికగన్న తీజన్ బాయి 2019లో పద్మవిభూషణ పురస్కృత. పురుషులకే పరిమితమై యుండిన కాపాలిక పద్ధతిని నిలువబడి కథ చెప్పునపుడు ఆమె చేతిలోని తంబూరయే క్షణములో భీముని గద, మరుక్షణమున అర్జునుని విల్లు. ఈ గానము వినవచ్చిన పల్లెజనమునకు అభిమన్యుడు చచ్చునని తెలియును. నిరుడును చచ్చెను, ముందటేడును చచ్చెను. ఈసారియైన బ్రతుకునేమో యని ఎవరును రారు. పల్నాటిసీమలోని కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్యనాడు మొదలయ్యెడి వీరుల తిరునాళ్లును ఇట్టిదే: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినముల పాటు పల్నాటి యుద్ధము మరల నడచును. బాలచంద్రుడు ప్రతియేడు వచ్చును, ప్రతియేడు పడును. వచ్చుటచే ఆతని చావు చెరగదు.

కామిక్స్‌లో ఈ మర్మమెరిగినవాడు ఫాంటమ్‌ను సృష్టించిన లీ ఫాక్. 1936 ఫిబ్రవరి 17న వార్తాపత్రికలో మొదలైన ఈ కథను 1964 నుండి ఇంద్రజాల్ కామిక్స్ మన దేశమున ఇంటింటికి చేర్చెను. హిందీ చదువరులకు ఆతడు వేతాళుడు. ఆతనికి చావులేదని అడవి జనము నమ్ముదురు. నిజమునకు తండ్రి చనిపోవగా కొడుకు అదే ముసుగు తొడుగుకొనును. మనము చూచెడివాడు ఇరువదియొకటవ వాడు. పుఱ్ఱె గుహలో పూర్వుల సమాధులు వరుసగా నున్నవి. వీరుడు చచ్చును, వేషము చావదు. డి.సి. వారును 1985లో బ్యారీ ఆలెన్ అను ఫ్లాష్‌ను చంపి, మేనల్లుడు వాలీ వెస్ట్‌కు ఆ వేషమిచ్చి ఇరువది యేండ్లకు పైగా నడపిరి. పిదప 2008లో పాతవానిని తెచ్చిరి. ఓపిక చాలలేదు కాబోలు.

మార్వెల్‌వారు 2019లో మరియొక దారి త్రొక్కిరి. జోనథన్ హిక్‌మాన్ వ్రాసిన కథలో క్రాకోవా ద్వీపమున పుట్టుకతోనే వింతశక్తులు గల మ్యూటంట్లు ఐదుగురు తమ శక్తులు కలిపి, చచ్చిన మ్యూటంటునెల్ల గ్రుడ్డులో పెంచి, దాచియుంచిన జ్ఞాపకములను అందులో పోసి లేపుదురు. శుక్రుని విద్య కార్ఖానాగా మారెనన్నమాట. దాచనేల, బాహాటముగా ఒప్పుకొనుటలో నిజాయితీ యున్నది. కాని చావునకు భయపడనివారి పోరాటమును మనమెంతసేపు ఊపిరి బిగబట్టి చూతుము?

ఇక చదువరుల వాడుకలోని ఆ ముగ్గురిలో మిగిలినది బెన్ బాబాయి. 1962 ఆగస్టు నాటి అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో, పీటర్ పార్కర్ అను బాలుడు తన ప్రక్కనుండియే పారిపోవుచున్న దొంగను నాకెందుకని వదలివేయగా, ఆ దొంగయే వాని బాబాయిని చంపెను. ఆనాటినుండి స్పైడర్‌మాన్ చేయు ప్రతిసాహసమును ఆ అప్పుకు కట్టెడి వడ్డీ. వేరు లోకముల బెన్‌లను, మాయారూపముల బెన్‌లను తెచ్చి చూపిరి గాని ఆ ఇంటి మనిషిని మాత్రము తిరిగి ఆ యింట కాపురమునకు పెట్టుటకు ఎవరును సాహసింపలేదు. ఆయన తలుపు తట్టి లోపలికి వచ్చిననాడు పీటర్ ఆ ముసుగును పెట్టెలో పెట్టి తాళము వేసికొనవచ్చును; నెలనెలా పత్రిక అమ్ముకొనెడి సంస్థకు అది గిట్టదు.