మీకు తెలుసా? బండి వయసు వేరు, ఇంజిన్ వయసు వేరు!
అమెరికాలోని కాలిఫోర్నియాలో పాత సెమీ ట్రక్కు కొనేవాళ్లు ముందు చూడాల్సింది బండి మోడల్ కాదు, ఇంజిన్ మోడల్. 2023 జనవరి 1 నుంచి అక్కడ తిరిగే బరువైన డీజిల్ ట్రక్కులు దాదాపు అన్నింటికీ 2010 లేదా ఆ తర్వాతి మోడల్ ఇంజిన్ ఉండాలి. లేకపోతే రిజిస్ట్రేషన్‌కే దిక్కుండదు. చిక్కేమిటంటే, కాగితాల్లో 2010 మోడల్ అని రాసున్న బండిలో 2009 ఇంజిన్ ఉండొచ్చు! పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్, మన బీఎస్-6 లారీల్లో పోసే యూరియా ద్రావణం లాంటిదానికి విడిగా ఓ ట్యాంకు 2010, ఆ తర్వాతి ఇంజిన్లున్న బండ్లలో చాలావాటికి కనిపిస్తాయి. అవి చూసి 2010 ఇంజినే అని మురిసిపోవద్దు. బానెట్ ఎత్తించి, ఇంజిన్ మీది ఉద్గారాల లేబుల్‌లో ఏడాది చదివాకే బయానా ఇవ్వండి.