వేగానికి వేడి వేసే కళ్లెం

రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని తొలిసారి దాటిన కారు విద్యుత్తుతో నడిచినదే. 1899 ఏప్రిల్ 29న పారిస్ సమీపంలోని అషేర్‌లో బెల్జియం దేశస్థుడు కమీల్ జెనాత్సీ నడిపిన ఆ వాహనం, తూటా ఆకారపు లోహపు బాడీతో, వెనుక చక్రాలను నేరుగా తిప్పే రెండు మోటార్లతో, 105.88 కి.మీ. వేగాన్ని అందుకుంది. నడిపే మనిషి మాత్రం ఆ తూటాలో ఇమడక, నడుము పైభాగమంతా గాలికి ఎదురొడ్డి కూర్చోవలసి వచ్చింది కనుక, బాడీని నునుపుగా మలచి సంపాదించిన లాభంలో కొంత అక్కడే పోయి ఉండాలి.

ఆ ఆధిక్యం ఎంతో కాలం నిలవలేదు. ఒక కిలో పెట్రోలులో ఉన్న శక్తిని దాచడానికి సీసపు బ్యాటరీలు వందల కిలోలు కావలసి వచ్చేవి. అందువల్ల తర్వాతి నూరేళ్ల వేగ చరిత్ర పెట్రోలు యంత్రాల చేతికి, ఆపైన జెట్ ఇంజన్ల చేతికి పోయింది. 1997 అక్టోబరు 15న అమెరికాలోని బ్లాక్ రాక్ ఎడారిలో ఆండీ గ్రీన్ నడిపిన థ్రస్ట్ ఎస్ఎస్‌సీ గంటకు 1,227.985 కి.మీ. వేగంతో ధ్వనిని దాటింది గాని, జెట్ ఇంజన్లు తోసే ఆ యంత్రానికి కారుతో ఉన్న చుట్టరికం చక్రాల వరకే. రోడ్డు కార్ల కోవలో బుగాటీ షిరాన్ నమూనా ఒకటి 2019లో జర్మనీలో 490.484 కి.మీ. వేగాన్ని అందుకోగా, 2025 సెప్టెంబరులో ఆ అంకెను దాటినది మళ్లీ విద్యుత్ కారే: చైనా సంస్థ బీవైడీ తయారుచేసిన యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్, 496.22 కి.మీ. వేగంతో.

తెలుగు నేల మీద ఈ జాతి యంత్రాలు పందెం కట్టినది 2023 ఫిబ్రవరి 11న. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాల్లోని మామూలు రోడ్లనే కాంక్రీటు గోడలతో, ఇనుప కంచెలతో చుట్టి, 18 మలుపులతో 2.83 కిలోమీటర్ల బాటగా మార్చి, అక్కడ ఫార్ములా ఈ పోటీ నిర్వహించారు. ఫార్ములా ఈ అంటే కేవలం బ్యాటరీతో నడిచే ఒంటి సీటు కార్ల ప్రపంచ పోటీ. 2014 సెప్టెంబరు 13న బీజింగ్‌లో మొదలైన ఈ పోటీలో, ఒక బ్యాటరీ పందెం చివరిదాకా చాలక, తొలి నాలుగు సీజన్లలో డ్రైవరు సగంలో దిగి మరో కారెక్కి మిగతా దూరం పూర్తిచేసేవాడు. విద్యుత్ కారుకు అంతకన్నా చెడ్డ ప్రచారం ఉండబోదు. 2018 చివర వచ్చిన రెండో తరం కారు ఆ అవస్థను తప్పించింది.

హైదరాబాదులో పరుగెత్తినది మూడో తరం. డ్రైవరుతో కలిపి దాని బరువు 840 కిలోలు. వెనుక మోటారు సామర్థ్యం 350 కిలోవాట్లు, అంటే సుమారు 470 హార్స్‌పవర్. గరిష్ఠ వేగం గంటకు 320 కి.మీ. ఉండేలా దాన్ని రూపొందించారు. ముందు చక్రాలకు 250 కిలోవాట్ల యంత్రం మరొకటి ఉన్నా, అప్పటి నిబంధనల ప్రకారం అది కారును ముందుకు నడపదు, వేగం తగ్గించేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది. విద్యుత్తు ఇస్తే తిరిగే మోటారు, దాన్నే చక్రాలు తిప్పితే విద్యుత్తు పుట్టించే జనరేటరు అవుతుంది. ఈ కారు లోని అసలు నేర్పంతా ఆ రెండో పనిలో ఉంది. గంటకు 216 కి.మీ. వేగంతో వచ్చే 840 కిలోల వస్తువులో సుమారు 15 లక్షల జౌళ్ల చలనశక్తి ఉంటుంది. మలుపు కోసం దాన్ని 72 కి.మీ.కు తగ్గిస్తే 13 లక్షలకు పైగా జౌళ్లను ఎక్కడో ఒకచోట దించుకోవాలి. మామూలు కారులో అదంతా బ్రేకులను కాల్చి గాలిలో కలుస్తుంది. ఇక్కడ ముందూ వెనుకా యంత్రాలు రెండూ కలిసి 600 కిలోవాట్ల చొప్పున పీల్చుకోగలవు కాబట్టి, కాగితం మీది లెక్క ప్రకారం రెండుంబావు సెకన్లలో ఆ శక్తిలో అధిక భాగం బ్యాటరీకి చేరుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఇలా తిరిగి రాబట్టుకున్నదే కావడంతో, వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు అక్కర్లేదన్న ధైర్యంతో దీన్ని రూపొందించారు.

అందువల్ల ఈ పోటీలో వేగంగా నడపడం ఎంత ముఖ్యమో పొదుపుగా నడపడమూ అంతే ముఖ్యం. ఆనాడు మొదటి స్థానం నుంచి బయలుదేరిన మిచ్ ఎవాన్స్‌ను సొంత జట్టు కారే గుద్దడంతో జాగ్వార్ కార్లు రెండూ ఒకే దెబ్బకు పోటీ నుంచి తప్పుకున్నాయి. చివరి చుట్లలో జాన్ ఎరిక్ వెర్న్, తరిగిపోతున్న బ్యాటరీని కాచుకుంటూనే, వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీని అర సెకను లోపు తేడాతో నిలువరించి గెలిచాడు. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయింది.

పందెపు కారు పొదుపుకు కట్టుబడితే, విలాసపు కారుకు ఆ బెడద లేదు. మహీంద్రా సంస్థకు చెందిన ఆటోమొబిలీ పినిన్‌ఫరీనా ఇటలీలో 150కి మించకుండా తయారుచేయ తలపెట్టిన బతీస్తా, నాలుగు మోటార్లతో 1,400 కిలోవాట్ల సామర్థ్యాన్ని చూపుతుంది. నిలిచిన చోటు నుంచి 100 కి.మీ. వేగానికి 1.86 సెకన్లలో చేరుతుంది. ఎత్తు నుంచి జారవిడిచిన రాయికి అదే వేగం రావడానికి 2.8 సెకన్లు పడుతుంది. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ వద్ద నాట్రాక్స్ అనే 11.3 కిలోమీటర్ల పరీక్షా పథం మీద ఈ కారు గంటకు 357 కి.మీ. వేగాన్ని అందుకుంది.

ఇంత బలమున్న యంత్రం కూడా ఆ బలాన్ని ఎక్కువసేపు చూపలేదు, కారణం వేడి. తీగలో ప్రవాహం రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. మరోపక్క గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనంతో పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపు చేయాలంటే ఎనిమిదింతల సామర్థ్యం కావాలి. ఈ చిక్కుకు ఇంజనీర్లు కనుగొన్న దారి వోల్టేజిని పెంచడం: వోల్టేజి పెరిగితే అదే సామర్థ్యాన్ని తక్కువ ప్రవాహంతో పంపవచ్చు. సాధారణ విద్యుత్ కార్లలో 400 వోల్టులు వాడుకలో ఉండగా యాంగ్‌వాంగ్ రికార్డు కారు 1,200 వోల్టులకు వెళ్లింది. అయితే వోల్టేజి పెరిగే కొద్దీ విద్యుత్తు హద్దు దాటి పక్కకు దూకే ప్రమాదమూ పెరుగుతుంది. దాన్ని ఆపే పదార్థం విద్యుత్తును పోనివ్వకూడదు, వేడికి కరగకూడదు, పలుచగానూ ఉండాలి.

ఆ మూడు గుణాలూ ఒకచోట ఉన్న ఖనిజం నెల్లూరు జిల్లాకు కొత్తది కాదు. గూడూరు నుంచి పెన్న ఒడ్డున ఉన్న సంగం దాకా కొడవలిలా వంపు తిరిగిన నేలలో, పెగ్మటైట్ అనే రాతి పొరల మధ్య, జనం కాకిబంగారమని పిలిచే అభ్రకం దొరుకుతుంది. శిలాద్రవం చల్లారే చివరి దశలో నీరు సమృద్ధిగా ఉండటం వల్ల పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడిన రాయినే పెగ్మటైట్ అంటారు. ఈ ప్రాంతపు అభ్రకానికి ఆకుపచ్చని ఛాయ ఉంటుంది. కత్తి మొన ఆనించి విప్పితే రేకులు రేకులుగా విడివడుతుంది, ఆ రేకు ఎంత పలుచనైనా 500 డిగ్రీల సెల్సియస్ వేడికి చెక్కుచెదరదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేడియో వాల్వులకూ కండెన్సర్లకూ అభ్రకమే దిక్కు. ట్రాన్సిస్టర్ వచ్చాక పెద్ద రేకులకు గిరాకీ పడిపోయింది.

ఇప్పుడు కావలసినది పెద్ద రేకు కాదు. ముక్కలనూ తుక్కునూ నీటిలో పలుచని గుజ్జుగా చేసి, కాగితం తీసినట్టే పొరలు తీసి, సిలికోన్ జిగురుతో అదిమి గట్టి పలకలు చేస్తారు. లిథియం బ్యాటరీలో ఒక కణం అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క కణాన్నీ అదే దారి పట్టించి, గొలుసుకట్టుగా మంట రేపుతుంది. దీన్నే ఉష్ణ విశృంఖలత అంటారు. కణాల గుంపుల మధ్యా, బ్యాటరీ పైకప్పు కిందా పరిచే అభ్రకపు పలకల పని ఆ మంటను అక్కడే నిలిపి, లోపల కూర్చున్నవారికి దిగే వ్యవధి ఇవ్వడం. ఆ వ్యవధి కనీసం 5 నిమిషాలుండాలని చైనా 2020లో ప్రమాణం విధించింది; 2025లో దాన్ని సవరించి, ఒక కణం అదుపు తప్పినా అసలు బ్యాటరీకి మంటే రాకూడదని, పేలనే కూడదని కట్టడి చేసింది.