బండి మాట వినకపోతే...

వంటింట్లో గ్యాస్ వాసన వచ్చిందనుకోండి, మనం మొదట ఏం చేస్తాం? లైటు స్విచ్ జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరుస్తాం. ఆ గ్యాస్ ఎక్కడ తయారవుతుందో, సిలిండర్లోకి ఎలా ఎక్కిస్తారో తెలియకపోయినా ఫర్వాలేదు. దాన్ని ఎక్కడ ఆపాలో తెలుసు, అది చాలు. మరి కారు సంగతి? స్టీరింగు పట్టిన ఆడవాళ్ళు ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తున్నారు. అదుపు తప్పి పరుగెత్తే బండిని ఎలా ఆపాలో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

"నడపడం వస్తే చాలదూ, లోపలి సంగతులు మనకెందుకు?" అంటుంది మా తోడికోడలు. ఆమె మాటలోనూ న్యాయం లేకపోలేదు. మిక్సీ వాడటానికి మోటారు విప్పి చూడనక్కర్లేదు. కానీ మిక్సీ నలుగురిని ఎక్కించుకుని రోడ్డుమీద పరుగెత్తదు కదా!

2009 ఆగస్టు 28న అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ కారు ఆగకుండా దూసుకుపోయి, అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. నడిపినాయన నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడు కాదు, హైవే పోలీసు అధికారి. యాక్సిలరేటర్ ఇరుక్కుపోయిందనీ, బ్రేకులు పనిచేయడం లేదనీ కారులోంచే పోలీసులకు ఫోన్ చేసి చెప్పారు. ఇంతకీ కారణమేమిటో తెలుసా? కాళ్ళకింద పరిచే రబ్బరు మ్యాటు! వేరే మోడల్‌ది తెచ్చి ఇందులో వేశారు. పెడల్ దానికి చిక్కుకుపోయింది.

ఆ కారు ఆయన సొంతం కూడా కాదు, షోరూమ్ వాళ్ళు తాత్కాలికంగా వాడుకోమని ఇచ్చింది. తాళంచెవి తిప్పే పనిలేకుండా బటన్ నొక్కితే స్టార్టయ్యే రకం. నడుస్తుండగా ఇంజను ఆపాలంటే ఆ బటన్‌ను మూడు సెకన్లు నొక్కిపట్టాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషి టకటకా నొక్కుతాడు గానీ, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడతాడా?

ఆ తర్వాత మ్యాట్ల కారణంగా టయోటా కంపెనీ అమెరికాలో దాదాపు 38 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించింది. ఎలక్ట్రానిక్స్‌లో లోపముందేమోనని నాసా ఇంజనీర్లు కూడా పరిశీలించి, అలాంటిదేమీ కనిపించలేదని 2011 ఫిబ్రవరిలో తేల్చారు. మ్యాట్లు, పైకి లేవకుండా బిగుసుకుపోయే పెడళ్ళు కారణమన్నారు. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కిన సందర్భాలూ చాలా ఉన్నాయట. అలాగని అంతా నడిపేవాళ్ళ మీదికి నెట్టేస్తే కుదరదు. ఈ లోపాల గురించి కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించిన కేసులో అదే కంపెనీ 2014లో 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

బండి తయారుచేసేవాళ్ళ బాధ్యత వాళ్ళదే, సందేహం లేదు. కానీ ఆ క్షణంలో సీట్లో ఉండేది మనం. అందుకే ఇంజనీరింగ్ చదవకపోయినా నాలుగు విషయాలు తెలిసుండాలంటాను.

ఒకటి, బ్రేకును ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టాలి. వదిలి వదిలి తొక్కకూడదు. మన కాలి బలాన్ని పెంచే బూస్టరు పెట్రోలు బండ్లలో సాధారణంగా ఇంజను పీల్పు మీదే పనిచేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకుంటే ఆ పీల్పు ఉండదు. నిలవ ఉన్న బలం రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోయి, పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.

రెండు, బండిని న్యూట్రల్ చేయాలి. గేర్ల బండైతే క్లచ్ తొక్కి, ఆటోమేటిక్ అయితే 'డి' నుంచి 'ఎన్'కి. అప్పుడు ఇంజనుకీ చక్రాలకీ లంకె తెగిపోతుంది. ఇంజను గోలపెడుతుంది, పెట్టనివ్వండి!

మూడు, ఇంజను ఆపడం బండి పక్కకు వచ్చి నిలిచాకే. నడుస్తుండగా ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది. తాళంచెవి లాగేస్తే స్టీరింగే బిగుసుకుపోవచ్చు. ఏ దారీ లేక నడుస్తుండగానే ఆపాల్సి వస్తే, చెవిని లాగకుండా ఇంజను ఆగేవరకే తిప్పాలి. బటన్ బండైతే ఎంతసేపు నొక్కాలో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

నాలుగు, మ్యాటు మన బండికి సరిపోయేదే అయ్యుండాలి. కదలకుండా కొక్కేలకు తగిలించి ఉండాలి. ఒకదానిమీద ఇంకోటి వేయకూడదు.

నేను కారు నేర్చుకున్నచోట రివర్సు పార్కింగ్ చేయించారు, ట్రాఫిక్ గుర్తులు బట్టీ పట్టించారు. బండి మాట వినకపోతే ఏం చేయాలో మాత్రం ఒక్కరోజూ చెప్పలేదు. ఇదంతా చెప్పడానికి పట్టేది పావుగంట. ఫీజు కట్టిన మనమే అడిగి చెప్పించుకోవాలి. "ఇవన్నీ మీకెందుకమ్మా, మీవారు చూసుకుంటారు" అంటే అసలు ఊరుకోకండి. స్టీరింగు పట్టుకునేది మీవారు కాదు, మీరు!

ఈ ఆదివారం ఇంట్లో వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆ పుస్తకంలో ఈ పేజీలు చదవండి. ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడుపుతూ న్యూట్రల్ చేసి చూడండి, చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. అన్నట్టు, బయల్దేరేముందు ఆ మ్యాటును ఒకసారి లాగి చూడండి. కదిలిందంటే ముందు దాని సంగతి చూశాకే ప్రయాణం!